విద్యుత్ గృహోపకరణాలపై ఐ.ఎస్.ఐ. ముద్ర

ఐ.ఎస్.ఐ. ముద్ర అనేది భారతీయ ప్రమాణాలకు అనుగుణంగా తయారైన వస్తువులపై వేసే ధ్రువీకరణ చిహ్నం. భారతీయ ప్రమాణాల బ్యూరో (బి.ఐ.ఎస్.) నుండి లైసెన్సు పొందిన తయారీదారులు మాత్రమే దీనిని వాడవచ్చును. సిమెంటు, వంటగ్యాసు సిలిండర్లు, హెల్మెట్లు మొదలైన అనేక వస్తువులపై ఈ ముద్ర కనిపిస్తుంది. ఇస్త్రీపెట్టె, నీళ్ళు కాచే హీటరు, గీజరు, విద్యుత్ పొయ్యి వంటి గృహోపకరణాల విషయంలో ఇది ప్రధానంగా భద్రతకు సంబంధించినది. ఆ వస్తువు నమూనా నిర్ణీత భద్రతా పరీక్షలలో నెగ్గినదని, అదే విధంగా తయారీని కొనసాగిస్తానని తయారీదారు బ్యూరోకు బాధ్యత పడ్డాడని ఈ ముద్రకు అర్థం. అయితే ముద్ర ఉన్న వస్తువు ఏ ఇంట్లోనైనా, ఎంతకాలమైనా ప్రమాదరహితంగా ఉంటుందని అర్థం కాదు.

## ఆవశ్యకత

విద్యుత్ పరికరంలోని లోపం సాధారణంగా కంటికి కనిపించదు. పైకి కొత్తగా మెరిసే ఇస్త్రీపెట్టెలో లోపలి తీగ లోహపు తొడుగుకు తగులుతూ ఉండవచ్చు. దుకాణంలో దానిని వెలిగించి చూపినప్పుడు అది వేడెక్కుతుంది కనుక కొనుగోలుదారుకు లోపం తెలియదు. తడి చేతితో తాకినప్పుడు మాత్రమే అది బయటపడుతుంది.

మనిషి శరీరం గుండా ప్రవహించే కరెంటు సుమారు 1 మిల్లీ ఆంపియరు ఉంటే జిల్లుమన్నట్లు తెలుస్తుంది. సుమారు 10 మిల్లీ ఆంపియర్లు దాటితే కండరాలు బిగుసుకుపోయి, పట్టుకున్న వస్తువును వదలలేని స్థితి ఏర్పడుతుంది. 30 మిల్లీ ఆంపియర్లకు మించిన కరెంటు కొంతసేపు ప్రవహిస్తే గుండె లయ తప్పి ప్రాణాపాయం కలగవచ్చు. 230 వోల్టుల వద్ద 60 వాట్ల పాతకాలపు బల్బు తీసుకునే కరెంటు సుమారు 260 మిల్లీ ఆంపియర్లు. అంటే ఒక బల్బును వెలిగించే కరెంటులో ఎనిమిదవ వంతు మనిషి ప్రాణానికి ముప్పు తేగలదు. 6 ఆంపియర్ల ఫ్యూజు ఇంత చిన్న కరెంటుకు కరగదు. అందువలన వస్తువు ఇంటికి చేరకముందే దానిని పరీక్షించి, ఆ విషయాన్ని దానిపైనే గుర్తుగా వేసే పద్ధతి అనేక దేశాలలో ఏర్పడినది.

## చరిత్ర

విద్యుత్ వస్తువులను పరీక్షించి గుర్తు వేసే సంస్థలలో పాతది అమెరికాకు చెందిన అండర్‌రైటర్స్ లేబొరేటరీస్. ఇది 1894లో షికాగోలో ప్రారంభమైనది. విద్యుత్తు వలన జరిగే అగ్నిప్రమాదాలను తగ్గించడం దాని తొలి ఉద్దేశం.

భారతదేశంలో భారతీయ ప్రమాణాల సంస్థ 1947 జనవరిలో ఏర్పడినది. దాని ఆంగ్లనామంలోని మొదటి అక్షరాలే ఐ.ఎస్.ఐ. వస్తువులపై ధ్రువీకరణ ముద్ర వేసేందుకు వీలు కల్పించే చట్టం 1952లో వచ్చినది. ఆ తరువాత కొద్ది సంవత్సరాలలోనే ముద్ర వేయడం మొదలయినది.

1986లో పార్లమెంటు భారతీయ ప్రమాణాల బ్యూరో చట్టాన్ని చేసినది. దీని ప్రకారం 1987 ఏప్రిల్ 1 నుండి పాత సంస్థ స్థానంలో బ్యూరో ఏర్పడినది. సంస్థ పేరు మారినా, అప్పటికే జనానికి బాగా తెలిసిన ముద్ర మారలేదు. అందుచేత ఐ.ఎస్.ఐ. అనే సంస్థ లేకపోయినా ఐ.ఎస్.ఐ. ముద్ర నేటికీ కొనసాగుతున్నది. 1986 నాటి చట్టం స్థానంలో చేసిన 2016 నాటి చట్టం 2017 అక్టోబరు 12 నుండి అమలులోకి వచ్చినది. బ్యూరో ప్రధాన కార్యాలయం ఢిల్లీలో ఉంది. హైదరాబాదులో శాఖా కార్యాలయం ఉంది.

## ముద్రను చదవడం

పూర్తి ఐ.ఎస్.ఐ. ముద్రలో మూడు భాగాలుంటాయి.

* మధ్యలో చట్రంలో ఇమిడిన ఐ.ఎస్.ఐ. అక్షరాల చిహ్నం.
* చిహ్నానికి పైన, ఆ వస్తువుకు వర్తించే భారతీయ ప్రమాణం సంఖ్య. ఉదాహరణకు ఐ.ఎస్. 302 అని, దాని భాగం, సెక్షను వివరాలు.
* చిహ్నానికి కింద, సి.ఎం./ఎల్. అనే అక్షరాలతో మొదలయ్యే లైసెన్సు సంఖ్య.

మూడింటిలో వినియోగదారునికి ఎక్కువగా ఉపయోగపడేది లైసెన్సు సంఖ్య. ఏ కర్మాగారానికి, ఏ వస్తువుకు, ఏ ప్రమాణం ప్రకారం లైసెన్సు ఇచ్చారో దీని ద్వారా తెలుస్తుంది. ఈ సంఖ్య లేని చిహ్నాన్ని సరిచూసే మార్గం లేదు.

ముద్రతో పాటు ఉపకరణంపై వోల్టేజి, వాట్లు, తయారీదారు పేరు, మోడలు వంటి వివరాలు కూడా ఉండాలి. ఈ అక్షరాలకు సైతం ఒక పరీక్ష ఉంది. నీటిలో తడిపిన గుడ్డతో 15 సెకన్లు, పెట్రోలియం ద్రావకంలో తడిపిన గుడ్డతో మరో 15 సెకన్లు చేత్తో రుద్దిన తరువాత కూడా అవి చదవడానికి వీలుగా మిగలాలి. సులభంగా ఊడిపోయే చీటీలు ఈ పరీక్షలో నిలబడవు.

## లైసెన్సు ఇచ్చే విధానం

ఐ.ఎస్.ఐ. ముద్ర కోసం తయారీదారు బ్యూరోకు దరఖాస్తు చేసుకోవాలి. బ్యూరో అధికారులు కర్మాగారాన్ని సందర్శించి, తయారీ యంత్రాలను, పరీక్షా పరికరాలను, సిబ్బంది నైపుణ్యాన్ని పరిశీలిస్తారు. ఉపకరణం నమూనాలను బ్యూరో ప్రయోగశాలలో గాని, బ్యూరో గుర్తించిన ప్రయోగశాలలో గాని పరీక్షిస్తారు. రెండూ సంతృప్తికరంగా ఉంటే లైసెన్సు లభిస్తుంది. లైసెన్సుకు కాలపరిమితి ఉంటుంది. గడువు తీరాక పునరుద్ధరించుకోవాలి. విదేశాలలోని కర్మాగారాలకు కూడా ఇదే విధంగా లైసెన్సులు ఇస్తారు.

ఈ వ్యవస్థలో పరీక్షలు రెండు రకాలు.

* '''టైపు పరీక్ష''': ఒక మోడలుకు చెందిన కొన్ని నమూనాలపై ప్రమాణంలోని పరీక్షలన్నీ జరుపుతారు. వీటిలో కొన్ని పరీక్షలు వస్తువును పాడుచేస్తాయి. కనుక అమ్మే ప్రతి వస్తువుపై వీటిని జరపడం సాధ్యం కాదు.
* '''నిత్య పరీక్ష''': కర్మాగారం నుండి వెలువడే ప్రతి వస్తువుపై జరిపే చిన్న పరీక్ష. ఎర్త్ కలిసి ఉన్నదా, ఇన్సులేషన్ అధిక వోల్టేజికి నిలుస్తున్నదా, వస్తువు పని చేస్తున్నదా అనేవి ఇందులో చూస్తారు. ఈ ఫలితాలను కర్మాగారం నమోదు చేయాలి.

లైసెన్సు ఇచ్చిన తరువాత కూడా బ్యూరో కర్మాగారాలను తనిఖీ చేస్తుంది. బజారు నుండి నమూనాలను కొని పరీక్షిస్తుంది. లోపం తేలితే ముద్ర వేయడాన్ని ఆపించవచ్చు, లైసెన్సును రద్దు చేయవచ్చు. ప్రమాణానికి తగని సరుకును బజారు నుండి వెనుకకు తెప్పించే అధికారం కూడా 2016 చట్టం ప్రకారం బ్యూరోకు ఉంది.

## ఐ.ఎస్. 302 ప్రమాణం

గృహోపకరణాల విద్యుత్ భద్రతకు మూలమైనది ఐ.ఎస్. 302. ఇది అంతర్జాతీయ ఎలక్ట్రోటెక్నికల్ కమిషన్ వారి 60335 ప్రమాణాన్ని అనుసరించి రూపొందినది. మొదటి భాగంలో అన్ని ఉపకరణాలకు వర్తించే నియమాలుంటాయి. రెండవ భాగంలో ఒక్కొక్క ఉపకరణానికి ఒక్కొక్క సెక్షను ఉంటుంది. ఇస్త్రీపెట్టెకు 3వ సెక్షను, గీజరుకు 21వ సెక్షను, గది హీటరుకు 30వ సెక్షను, ఇమ్మర్షన్ హీటరుకు 201వ సెక్షను, విద్యుత్ పొయ్యికి 202వ సెక్షను వర్తిస్తాయి.

### ఉపకరణాల తరగతులు

షాకు నుండి రక్షణ కల్పించే విధానాన్ని బట్టి ఉపకరణాలను ముఖ్యంగా మూడు తరగతులుగా విభజిస్తారు.

* '''మొదటి తరగతి''': బయటి లోహభాగం ఎర్త్ తీగకు కలిపి ఉంటుంది. మూడు పిన్నుల ప్లగ్గు ఉంటుంది. ఇస్త్రీపెట్టె, గీజరు, ఇమ్మర్షన్ హీటరు ఈ తరగతికి చెందినవి.
* '''రెండవ తరగతి''': ఎర్త్ అవసరం లేకుండా రెండు పొరల ఇన్సులేషన్ ఉంటుంది. ఒక చతురస్రంలో మరొక చతురస్రం దీని గుర్తు. అనేక చేతి డ్రిల్లు యంత్రాలు, హెయిర్ డ్రయ్యర్లు ఈ తరగతివి.
* '''మూడవ తరగతి''': షాకు ప్రమాదం లేనంత తక్కువ వోల్టేజితో పనిచేసేవి.

### ముఖ్యమైన పరీక్షలు

'''పరీక్షా వేలు''': మనిషి వేలి ఆకారంలో కీళ్ళతో చేసిన పరికరాన్ని ఉపకరణం కంతలలో పెట్టి చూస్తారు. అది కరెంటున్న భాగాన్ని తాకరాదు. పిల్లల వేళ్ళు జాలీలలోను, కంతలలోను దూరడం వలన కలిగే ప్రమాదాన్ని నివారించడం దీని ఉద్దేశం.

'''లీకేజి కరెంటు''': ఉపకరణం పూర్తిగా వేడెక్కి పనిచేస్తుండగా, తాకడానికి వీలున్న భాగాల ద్వారా బయటకు వచ్చే కరెంటును కొలుస్తారు. చేతితో అటూఇటూ తీసుకుపోయే మొదటి తరగతి ఉపకరణాలకు దీని పరిమితి 0.75 మిల్లీ ఆంపియరు. అంటే జిల్లుమని తెలిసే స్థాయికి కూడా చేరకూడదు.

'''తేమ పరీక్ష''': ఉపకరణాన్ని సుమారు 93 శాతం తేమ ఉన్న గదిలో 48 గంటలు ఉంచి, తరువాత ఇన్సులేషన్‌ను పరీక్షిస్తారు. సముద్రతీర ప్రాంతాలలోను, వానాకాలంలోను ఎదురయ్యే స్థితి ఇటువంటిదే.

'''అధిక వోల్టేజి పరీక్ష''': 230 వోల్టులతో పనిచేసే ఉపకరణపు ఇన్సులేషన్‌పై ఒక నిమిషం పాటు వెయ్యి వోల్టులకు పైబడిన వోల్టేజిని ప్రయోగిస్తారు. ఇన్సులేషన్ ఛేదింపబడరాదు.

'''ఎర్త్ నిరోధం''': ఎర్త్ పిన్నుకు, లోహపు తొడుగుకు మధ్య కనీసం 25 ఆంపియర్ల కరెంటును పంపి నిరోధాన్ని కొలుస్తారు. పంపే తీగ నిరోధాన్ని మినహాయించి, ఇది 0.1 ఓమ్‌ను మించరాదు. నిరోధం ఇంత తక్కువగా ఉంటేనే, లోపల తీగ తొడుగుకు తగిలినప్పుడు భారీ కరెంటు ఎర్త్ గుండా పోయి ఫ్యూజు కరుగుతుంది.

'''తీగ లాగే పరీక్ష''': ఉపకరణం బరువును బట్టి 30 నుండి 100 న్యూటన్ల బలంతో తీగను 25 సార్లు లాగుతారు. తీగ చివరలు లోపల ఊడిరాకూడదు. ఇళ్ళలో ప్లగ్గును పట్టుకోకుండా తీగను పట్టి లాగే అలవాటు ఉన్నందున ఇది ముఖ్యమైన పరీక్ష.

'''అసాధారణ స్థితి''': నీళ్ళు లేని పాత్రను వేడి చేయడం, థర్మోస్టాటు పనిచేయకపోవడం, మోటారు తిరగకుండా బిగుసుకుపోవడం వంటి స్థితులను కావాలని కల్పిస్తారు. వస్తువు పాడైనా ఫరవాలేదు గాని మంటలు, కరిగిన లోహం వెలువడరాదు. షాకు ప్రమాదం ఏర్పడరాదు.

'''వేడి, మంటల పరీక్ష''': ప్లాస్టిక్ భాగాలకు ఎర్రగా కాల్చిన తీగను తాకించి అవి అంటుకొని మండుతూ ఉంటాయా లేదా చూస్తారు. వేడి చేసిన ప్లాస్టిక్‌పై 5 మిల్లీమీటర్ల ఉక్కు గోళీని 20 న్యూటన్ల బలంతో గంటసేపు అదిమి ఉంచుతారు. గుంట వెడల్పు 2 మిల్లీమీటర్లు దాటరాదు.

## ఉదాహరణ: ఇమ్మర్షన్ హీటరు

బకెట్టులో నీళ్ళు కాచుకునే ఇమ్మర్షన్ హీటరు చవకైనది, తెలుగునాట చలికాలంలో ఎక్కువగా వాడేది. పరీక్షల అవసరాన్ని, ముద్ర పరిమితిని రెండింటినీ దీని ద్వారా అర్థం చేసుకోవచ్చును.

దీని చుట్ట లోహపు గొట్టంతో చేసినది. గొట్టం మధ్యలో నైక్రోమ్ తీగ ఉంటుంది. తీగకు, గొట్టానికి మధ్య మెగ్నీషియం ఆక్సైడు పొడిని కూరుతారు. ఈ పొడి వేడిని బాగా పోనిస్తుంది, కరెంటును పోనివ్వదు. అయితే దానికి తేమను పీల్చే గుణం ఉంది. గొట్టం తుప్పుపట్టి చిన్న రంధ్రం పడినా, చివరల వద్ద మూత సరిగా లేకపోయినా పొడి చెమ్మగిల్లి కరెంటు గొట్టానికి, దాని నుండి నీటికి చేరుతుంది.

ఎర్త్ సరిగా ఉన్న ఇంట్లో ఈ కరెంటు ఎర్త్ తీగ గుండా పోతుంది, లోపం పెద్దదైతే ఫ్యూజు కరుగుతుంది. ఎర్త్ లేని ఇంట్లో అదే హీటరు మామూలుగానే నీళ్ళు కాస్తూ ఉంటుంది. నీళ్ళు కాగాయా అని వేలు పెట్టి చూసిన మనిషి శరీరమే అప్పుడు ఎర్త్ తీగ అవుతుంది. హీటరు పరీక్షలలో నెగ్గినప్పుడు ప్రయోగశాలలో ఎర్త్ ఉన్నది. ఇంటిలో లేదు. ముద్ర అబద్ధం చెప్పలేదు గాని, అది చెప్పినది హీటరు గురించే, ఇంటి గురించి కాదు.

హీటరుపై నీటి మట్టం గుర్తులు ఉంటాయి. ఆ గుర్తుల మధ్య నీరు ఉన్నప్పుడే స్విచ్చి వేయాలి. నీటిని తాకే ముందు స్విచ్చి ఆపి, ప్లగ్గును తీసివేయాలి.

## తప్పనిసరి ముద్ర

ఐ.ఎస్.ఐ. ముద్ర మౌలికంగా ఐచ్ఛికమైనది. ప్రజల ప్రాణరక్షణ వంటి కారణాల వలన కేంద్ర ప్రభుత్వం నాణ్యతా నియంత్రణ ఉత్తర్వు జారీ చేసినప్పుడు మాత్రం ఆ వస్తువుకు ముద్ర తప్పనిసరి అవుతుంది. విద్యుత్ తీగలు, ఉపకరణాలకు సంబంధించి 2003లో జారీ అయిన ఉత్తర్వు ముఖ్యమైనది. ఇస్త్రీపెట్టెలు, ఇమ్మర్షన్ హీటర్లు, విద్యుత్ పొయ్యిలు, గీజర్లు, గది హీటర్లు, పి.వి.సి. తీగలు, స్విచ్చులు మొదలైనవి దాని పరిధిలోకి వచ్చాయి. సీలింగు ఫ్యాన్లకు 2023 ఆగస్టులో ఉత్తర్వు జారీ అయినది. మిగిలిన గృహోపకరణాలను కూడా ఈ పరిధిలోకి తెచ్చే ఉత్తర్వులు ఆ తరువాత వెలువడ్డాయి. ఇటువంటి ఉత్తర్వుల అమలు తేదీలు మారుతూ ఉంటాయి కనుక తాజా జాబితాను బ్యూరో జాలస్థలిలో చూడడం మంచిది.

తప్పనిసరి జాబితాలోని వస్తువును ముద్ర లేకుండా తయారుచేయడం, దిగుమతి చేయడం, అమ్మడం, అమ్మకానికి నిలువ ఉంచడం నేరం. లైసెన్సు లేకుండా ముద్ర వేయడం కూడా నేరమే. 2016 చట్టంలో దీనికి రెండు సంవత్సరాల వరకు జైలుశిక్ష, లేదా మొదటి నేరానికి రెండు లక్షల రూపాయలకు తగ్గని జరిమానా, లేదా రెండూ నిర్దేశించారు. ఈ నిషేధం తయారీదారుకే గాక దుకాణదారుకు కూడా వర్తిస్తుంది.

## ఇతర ముద్రలతో తేడా

ఉపకరణాలపై కనిపించే ప్రతి గుర్తూ భద్రతకు సంబంధించినది కాదు.

* '''నక్షత్రాల చీటీ''': దీనిని ఇంధన సామర్థ్య బ్యూరో 2006లో ప్రవేశపెట్టినది. ఎక్కువ నక్షత్రాలుంటే కరెంటు ఖర్చు తక్కువని అర్థం. ఐదు నక్షత్రాలున్న గీజరు కరెంటును ఆదా చేస్తుంది గాని, షాకు కొట్టదని ఆ నక్షత్రాలు చెప్పవు.
* '''నమోదు సంఖ్య''': ఎలక్ట్రానిక్ వస్తువులకు 2012 నాటి ఉత్తర్వు ద్వారా తప్పనిసరి నమోదు పద్ధతి వచ్చినది. మొదట 15 రకాల వస్తువులతో మొదలై తరువాత విస్తరించినది. మైక్రోవేవ్ ఓవెన్లు, టీవీలు, ఎడాప్టర్లు, ఎల్.ఈ.డి. బల్బులు, మొబైల్ ఫోన్లు ఇందులోకి వస్తాయి. వీటిపై ఆర్ అనే అక్షరంతో మొదలయ్యే సంఖ్య ఉంటుంది. ఇందులో కూడా గుర్తింపు పొందిన ప్రయోగశాలలో పరీక్ష జరుగుతుంది గాని, నమోదుకు ముందు కర్మాగార తనిఖీ ఉండదు.
* '''సి.ఈ. గుర్తు''': ఐరోపా దేశాలలో అమ్మే వస్తువులపై ఉంటుంది. చాలా గృహోపకరణాల విషయంలో ఇది తయారీదారు స్వయంగా చేసుకునే ప్రకటన. భారతదేశంలో ఐ.ఎస్.ఐ. ముద్రకు ఇది ప్రత్యామ్నాయం కాదు.

## ముద్రను సరిచూడడం

ఐ.ఎస్.ఐ. అక్షరాలను అచ్చువేయడం కష్టమైన పని కాదు. అందువలన చిహ్నాన్ని చూడడంతో సరిపెట్టుకోరాదు. బ్యూరో 2020లో విడుదల చేసిన 'బి.ఐ.ఎస్. కేర్' అనే మొబైల్ అనువర్తనంలో లైసెన్సు సంఖ్యను నమోదు చేస్తే తయారీదారు పేరు, చిరునామా, వస్తువు, లైసెన్సు స్థితి కనిపిస్తాయి. ఈ వివరాలు ఉపకరణంపై ఉన్నవాటితో సరిపోవాలి. సంఖ్య నిజమైనదే అయినా అది వేరొక వస్తువుకు చెందినది కావచ్చు. ఉదాహరణకు, తీగకు ఉన్న ముద్రను చూపి మొత్తం ఉపకరణానికి ముద్ర ఉందని పొరబడే అవకాశం ఉంది. పంపే తీగకు, ప్లగ్గుకు, ఉపకరణానికి ప్రమాణాలు వేర్వేరు.

అనుమానం ఉంటే అదే అనువర్తనం ద్వారా గాని, బ్యూరో శాఖా కార్యాలయంలో గాని ఫిర్యాదు చేయవచ్చు. జాతీయ వినియోగదారుల సహాయవాణి సంఖ్య 1915. లోపమున్న వస్తువు వలన హాని జరిగితే 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం తయారీదారు నుండి నష్టపరిహారం కోరవచ్చును. అందుకు బిల్లు ఉండడం అవసరం.

## ముద్ర పరిమితులు

ఐ.ఎస్.ఐ. ముద్ర వస్తువు తయారైన నాటి స్థితిని మాత్రమే తెలుపుతుంది. దానిపై ముగింపు తేదీ ఉండదు. పదేళ్ళు వాడిన ఇస్త్రీపెట్టెపై కూడా ముద్ర మొదటిరోజు ఉన్నట్లే ఉంటుంది గాని, దాని తీగ గుడ్డతొడుగు చిరిగి ఉండవచ్చు. మరమ్మతు సమయంలో తీగను మార్చి, ఎర్త్ తీగను కలపకుండా వదిలివేస్తే మొదటి తరగతి ఉపకరణానికి ఉన్న ముఖ్యమైన రక్షణ పోతుంది.

ఈ లోటును పూరించడానికి కొన్ని దేశాలలో వాడుకలో ఉన్న ఉపకరణాలను కూడా మళ్ళీ పరీక్షించి చీటీ అంటిస్తారు. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో 3760 అనే ఉమ్మడి ప్రమాణం ప్రకారం పని ప్రదేశాలలోని ఉపకరణాలకు పరీక్ష తేదీతో కూడిన చీటీ కడతారు. బ్రిటన్‌లో కార్యాలయాలు, విద్యార్థి వసతిగృహాలు మొదలైన చోట్ల ఇటువంటి పరీక్ష జరుపుతారు. పని ప్రదేశాలలో విద్యుత్ పరికరాలను సురక్షితంగా ఉంచాలని అక్కడి 1989 నాటి నిబంధనలు చెబుతాయి గాని, చీటీ అంటించాలని చట్టం నిర్బంధించదు. ఈ పరీక్షలో మొదటి మెట్టు తీగను, ప్లగ్గును కంటితో పరిశీలించడం. చాలా లోపాలు అక్కడే బయటపడతాయి. ఈ పనిని ఎవరైనా ఇంట్లో చేసుకోవచ్చును.

## వాడుకలో జాగ్రత్తలు

* మూడు పిన్నుల ప్లగ్గులో ఎర్త్ పిన్నును తీసివేసి రెండు పిన్నులతో వాడరాదు. ఎర్త్ పిన్ను మిగిలిన వాటికంటే పొడవుగా ఉంటుంది. ప్లగ్గు పెట్టేటప్పుడు అది ముందుగా తగిలి, తీసేటప్పుడు చివరగా విడిపోవాలని దానిని అలా చేస్తారు.
* ఇంట్లో ఎర్త్ పనిచేస్తున్నదో లేదో ఎలక్ట్రీషియను చేత పరీక్ష చేయించుకోవాలి.
* 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. అమర్చుకుంటే, కరెంటు దారి తప్పిన వెంటనే సరఫరా ఆగిపోతుంది. ఎం.సి.బి. ఈ పని చేయదు.
* ఉపకరణపు తీగలో పచ్చ, పసుపు చారల తీగ ఎర్త్, గోధుమరంగు ఫేజు, నీలం న్యూట్రల్. మరమ్మతు తరువాత ఎర్త్ తీగ కలిపారో లేదో అడిగి తెలుసుకోవాలి.
* కొద్దిపాటి జిల్లు తగిలినా ఆ ఉపకరణాన్ని వాడడం ఆపివేయాలి.

## ఇవి కూడా చూడండి

* భారతీయ ప్రమాణాల బ్యూరో
* విద్యుద్ఘాతము
* ఫ్యూజు
* వినియోగదారుల రక్షణ చట్టం